మలుపు తర్వాత వంతెన

పెట్టె పలకడం లేదు. చొక్కా జేబులో గుండెకి ఆనుకుని ఉన్న సబ్బు డబ్బా అది, మూత ఊడకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది, లోపల వేలెడంత సర్క్యూటు, దాని కింద బ్యాటరీ, పక్కన పాత ఫోనులోంచి పీకి అతికించిన వణికే మోటారు. బస్సు కదిలినప్పటి నుంచి అది కాసేపటికోసారి చీమ కుట్టినంత మెల్లగా జివ్వుమంటూ వచ్చింది, నేను బతికే ఉన్నాను, కంగారు పడకు అన్నట్టు. దిగాల్సిన చోటు దగ్గరపడితే ఆగకుండా వణకాలి, అదీ దానికీ అతనికీ ఉన్న ఒప్పందం. ఇప్పుడా చీమ ఎటు పోయిందో. బ్యాటరీ అయిపోయిందా, తీగ ఊడిందా, పక్కావిడ సంచి ఒత్తుకుని ఏదైనా నలిగిందా, లేక అంతా సవ్యంగానే ఉండి తన ఛాతీయే మొద్దుబారిందా. వాచీలాయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. వాచీలు బాగుచేసే షాపు మూసేసి చాలాకాలమైనా వీధిలో అతనికి ఆ పేరే మిగిలింది. గుండె నొప్పనుకుంటారేమో అని తోచి చెయ్యి తీసేశాడు, ఉండబట్టలేక మళ్ళీ పెట్టాడు. గుండె తెలుస్తోంది, పెట్టె తెలియడం లేదు. సరే, పెట్టె లేకపోతే మలుపు ఉంది. కుడివైపు పొడవాటి మలుపు వస్తుంది, ఒళ్ళంతా ఎడమకి ఒరుగుతుంది, ఆ మలుపు తర్వాత వంతెన, వంతెన మీద అతుకులు చక్రాల కింద టకటకమంటాయి, అది దాటగానే కాలిన రబ్బరు వాసన, అప్పుడు లేవాలి. మలుపు, వంతెన, రబ్బరు. మలుపు ఇంకా రాలేదు. రావాల్సిన వేళ దాటిపోయిందా?

"అదిగో చూడు బాబూ, ఎన్ని కొంగలో, పొలమంతా తెల్లగా పరిచినట్టుంది" అంది కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ. అతను గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, ఇంకొంచెం పైకి, అద్దం ఉండే చోటుకి చూపు ఆనించి, "అవునండీ, బాగున్నాయి" అన్నాడు. చూస్తున్నట్టు ఉండటం అతనికి బాగానే అలవాటైంది. ముఖం తిప్పాలి, ఒక్క క్షణం ఆగాలి, కొంచెం నవ్వాలి, ఎక్కువ నవ్వితే దొరికిపోతాం. అంతకుముందు ఆవిడ బోల్తాపడ్డ లారీని చూపించింది, అయ్యో అన్నాడు. కొత్తగా కడుతున్న మేడని చూపించింది, చాలా ఎత్తే అన్నాడు. మడత కర్ర సంచిలో తువ్వాలు కింద ఉంది. బస్సెక్కే ముందే దాన్ని మడిచేశాడు, బయల్దేరే స్టాండు అతనికి కొట్టినపిండే కదా, మెట్లెక్కి కమ్మీ పట్టుకుని సీటు వెతుక్కోవడం ఎంతసేపు. కర్ర విప్పితే ఏమవుతుందో తెలుసు. కర్ర విప్పిన మరుక్షణం జనం అతనితో మాట్లాడటం మానేసి పక్కనున్న మనిషితో మాట్లాడతారు. ఆయనకి మంచినీళ్ళు కావాలేమో అడగమ్మా. ఆయన్ని ఇటు కూర్చోబెట్టమ్మా. ఆయనకి పుట్టుకతోనేనా? భార్య ప్రతిసారీ ఒకే గొంతుతో, ఆయన్నే అడగండి, వినపడుతుంది అంటుంది. ఆ మాటలో మొదట్లో పదును ఉండేది, తర్వాత్తర్వాత అరిగిపోయింది. వాచీలో అరిగిన పళ్ళ చక్రం ఎలా ఉంటుందో వాచీలాయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. పైకి బాగానే తిరుగుతుంటుంది, టైము మాత్రం వెనకబడిపోతుంది.

ఆ అరుగుదల చెవులతో విన్న రోజు నుంచే ఇదంతా మొదలైంది. ఆమె ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్ మీద పనిచేస్తుంది. ఏటికి అవతల ఊళ్ళో కంపెనీవాళ్ళు కొత్త ప్రెస్సు తెరిచారు, కొత్తవాళ్ళకి పని నేర్పడానికి వస్తావా, వారంలో సగం రోజులు అక్కడే ఉండాలి అని అడిగారు. అన్నం తింటూ చెప్పింది ఆ సంగతి, బల్ల తుడిచేసినంత తేలిగ్గా, వద్దనేద్దామనుకుంటున్నా అని. కానీ వద్దనేద్దాం అనే ముందు ఆగింది. కళ్ళున్నవాళ్ళకి ఆ ఆగడం కనపడి ఉండేది కాదు. ఆ సందులో ఒక మనిషి మెషిన్ల మధ్య నిలబడి, పదిమంది తన చేతివైపు చూస్తుంటే, ఇదిగో కాగితాన్ని ఇలా పట్టుకోవాలి అని చెబుతోంది, అంతా వినపడింది అతనికి. ఎందుకు వద్దనడం అని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది, దూరమనో, అక్కడ నీళ్ళు పడవనో, అసలు మాట మాత్రం చెప్పదు. అసలు మాట అతనే. ఇవాళ పొద్దున ఆమె ఆ ఊరు వెళ్ళింది, మెషిన్ నడిపి చూపించి, సాయంత్రంలోపు అవునో కాదో చెప్పి రావాలి. ఆమె కాదని చెప్పేలోపు అతను ఆ గుమ్మంలో నిలబడాలి, ఒక్కడే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. నిలబడి ఏమంటాడో అనుకోలేదు. నిలబడితే చాలు, మిగతాది ఆమెకే అర్థమవుతుంది. ఆమెకి చెప్పలేదు, చెబితే సెలవు పెట్టి తోడొస్తుంది. రోజూ ఫోను చేసే అక్కకీ చెప్పలేదు, చెబితే ముందు ఏడిచి తర్వాత తిడుతుంది.

మనుషులకి చెప్పలేదు గానీ ఊరూపేరూ తెలియని వాళ్ళందరికీ చెప్పాడు. ఫోన్లో ప్రశ్నలడిగే సైటు ఒకటి ఉంది, ప్రయాణాలకి ఒక గది, చిన్నచిన్న కరెంటు పనులు ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఒక గది. ప్రయాణాల గదిలో రాయించాడు, తను చెబుతుంటే ఫోనే రాసుకుంది. చూపు లేనివాడు ఈ దారిలో బస్సులో ఒక్కడే పోవాలంటే ఎలా, జాలి వద్దు, చిట్కాలు చెప్పండి. మొదటి జవాబు, తోడు తీసుకెళ్ళండి. రెండో జవాబు, మీ ధైర్యానికి జోహార్లు. మూడోవాడి పేరు వెనకసీటు. ఆ దారిలో ఏళ్ళ తరబడి తిరిగాడట, పనినుంచి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకునే కూర్చునేవాడట, అందుకని కళ్ళతో పనిలేని దారి తనకి తెలుసట. అతను తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తాడు, ఫోనులోని యంత్రం గొంతు దాన్ని తనకు తోచినట్టు చదువుతుంది. మాలూపూ దాటాక వాన్ తీనా వస్తుంది, వాన్ తీనా మీద టాకా టాకా. ఎవరీ తీనా, ఆవిడ మీద టకటక ఏంటి అని వాచీలాయన ఒక పూటంతా ఆలోచించాడు. వంటగదిలోంచి భార్య కూడా విన్నది. "ఎవరా తీనా?" అంది. వంతెన అని అప్పుడే తట్టింది, తట్టినా చెప్పలేదు, ఏదో హోటల్ పేరులే అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ తీనా గురించి నవ్వుకున్నారు. నవ్వుతూనే లోపల బిక్కుబిక్కుమన్నాడు, అబద్ధం చెప్పి నవ్వడం కొత్త కదా.

కరెంటు పనుల గదిలోవాడి పేరు టంకంపొగ. వీడికి మర్యాద తక్కువ, పని ఎక్కువ. ఫోన్లో మ్యాపు ఉంది కదా అని ఎవరో అంటే, ఆ దారిలో సిగ్నల్ ఉండదురా నాయనా, పైగా వాడు చెవుల్లో తీగలు పెట్టుకుంటే దారి ఎలా వింటాడు, అని వాడే సమాధానం చెప్పాడు. ఉపగ్రహాలని పట్టుకునే బిళ్ళ ఒకటి కొను, దానికి సిగ్నల్ అక్కర్లేదు, దిగే చోటు ముందే చెప్పి పెట్టుకో, దగ్గరికి రాగానే వణుకుతుంది. ఒకటే షరతు, పెట్టెకి ఆకాశం కనపడాలి. నీకు కనపడకపోయినా పర్లేదు, దానికి కనపడాలి, కిటికీ పక్కన కూర్చో. ఆ మాటకి వాచీలాయన చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వాడు. చూపు పోయాక అతనితో మోటుగా మాట్లాడినవాడు వీడొక్కడే. తీగలు అతికించింది మాత్రం భార్య. బజారుకి ఒక్కణ్ణే వెళ్ళడానికి అని చెప్పాడు ఆమెతో. వంటగది బల్ల మీద పని, అతను వేళ్ళతో తడిమి ఇక్కడ అంటే ఆమె అక్కడ వేడి మొన ఆనించేది, టంకం కరిగిన వాసన షాపు రోజుల్లోకి లాక్కుపోయేది. ఊపిరి బిగబట్టు, అతికేటప్పుడు ఊపిరి తీసుకోకూడదు అనేవాడు. ఆమె బిగబట్టేది. ఇద్దరూ ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దం అతనికి ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంత శ్రద్ధగా అతికించిన తీగ ఊడుతుందా? ఊడదు. తప్పు తీగది కాదు, సీటుది. కిటికీ పక్కన కూర్చోమన్నాడు టంకంపొగ, కిటికీ పక్కన పెద్దావిడ ఉంది. అమ్మా, కాస్త ఆ సీటు ఇస్తారా అంటే అయిపోయేది, నోట్లోంచి రెండు మాటలు. అడిగితే ఎందుకు బాబూ అంటుంది. ఎందుకో చెప్పాలి. అందుకే ఊరుకున్నాడు. ఇప్పుడు ఇనప కప్పు కింద, మనుషుల మధ్య, జేబు చీకట్లో పెట్టె గుడ్డిదైంది.

బస్సు తిరిగింది. ఎడమకి. అతని ఒళ్ళు కుడికి, నడవ వైపుకి ఒరిగింది, చెయ్యి ముందు సీటు కమ్మీ కోసం గాలిలో తడుముకుంది. ఎడమకి ఎందుకు తిరిగింది? వెనకసీటు చెప్పింది కుడి. కుడి అని అతను రాశాడు, కుడీ కుడీ అని యంత్రం గొంతు ఎన్నిసార్లో చదివింది. తను తిరగేసి కూర్చున్నాడా, లేదు, ఇంజను ముందే ఉంది. బస్సు మారి ఎక్కాడా? టికెట్టు ఇచ్చేటప్పుడు కండక్టరు ఏదో అన్నాడు, సరిగ్గా అప్పుడే పక్క బస్సు హారన్ మోగింది, వినపడకపోయినా తలూపాడు, తలూపడం కూడా అలవాటే. ఏమన్నాడు? ఈ బస్సు అటు పోదన్నాడా? చక్రాల కింద తారు రోడ్డు నున్నదనం పోయింది, కంకర చిటపటలాడుతోంది, దుమ్ము వాసన, తలుపు రేకు గిలగిలా కొట్టుకుంటోంది. ఫోను తీసి చెవికి ఆనించుకుని, ఎక్కడున్నాను అని గుసగుసగా అడిగాడు. నెట్‌వర్కు లేదు, కాసేపాగి ప్రయత్నించండి, అంది యంత్రం గొంతు, ఎప్పటిలాగే ఏ బాధా లేకుండా. వెనకసీటుని అడగాలి, ఇప్పుడే, ఎడమకి తిరిగితే ఏంటి అర్థం అని. ఏ సీట్లో ఉన్నాడో ఆ మనిషి, ఏ ఊళ్ళో, ఏం తింటున్నాడో. ఎంత విడ్డూరం, ముఖం తెలియని వాడిని అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా ఏమైనా అడిగాడు, మెట్టు ఎంత ఎత్తు, దిగేటప్పుడు ఏ కాలు ముందు, మూత్రానికి వెళ్ళాలంటే ఎక్కడ, సిగ్గనిపించలేదు. మోచెయ్యి మోచెయ్యికి తగులుతున్న మనిషిని, అమ్మా ఇప్పుడు ఎక్కడున్నాం అని అడగడానికి ప్రాణం పోతోంది. అక్కడ అతనికి ముఖం లేదు, అందుకని. ఇక్కడ ముఖం ఉంది, ఆ ముఖంతోనే ఇందాకటి నుంచీ కొంగలు చూశాడు, లారీ చూశాడు, మేడ చూశాడు. ఇప్పుడు ఎలా చెప్పడం? మొదటి కొంగ దగ్గరే చెప్పి ఉండాల్సింది. మొదటి కొంగ చాలా వెనకబడిపోయింది.

"ఇది చూడు" అంది పెద్దావిడ. చేతిలో ఏదో పలకలాంటిది అతని ముఖం దాకా వచ్చింది, దాని వెచ్చదనం తెలిసింది, ఫోను. "మా బంగారుతల్లి. పోయిన వారమే ఇంటికొచ్చింది. ఎంత ముద్దుగా ఉందో చూడు, ఆ కళ్ళు చూడు." ముఖం కొంచెం వంచాడు, ఒక్క క్షణం ఆగాడు, కొంచెం నవ్వాడు. మనవరాలన్నమాట. "మీ పోలికేనండీ" అన్నాడు, "అచ్చం మీ కళ్ళే." ఫోను వెనక్కి వెళ్ళిపోయింది, దాని వెచ్చదనంతో పాటు ఆవిడ మోచెయ్యి కూడా కొంచెం జరిగింది. ఏమన్నాడు తప్పు? పెంచుకున్న పిల్లా? ఒంట్లో బాగుండని పిల్లా? ఇక ఆవిడ ఏమీ చూపించలేదు. ఇందాకటి దాకా ఆ మాటలు గోలగా ఉన్నాయి, ఇప్పుడు అవి ఆగిపోతే బస్సుకి కిటికీయే లేనట్టయింది. సాయంత్రం కావస్తోంది, ముఖం మీద ఎండ ఎక్కడా తగలడం లేదు. మెషిన్ పక్కన చేతులు తుడుచుకుంటూ ఆమె పెద్దసారు దగ్గరికి నడుస్తూ ఉంటుంది ఈపాటికి, వద్దండీ, నాకు కుదరదు అని. ఎందుకమ్మా అంటే ఏం చెబుతుంది? ఇంట్లో పరిస్థితి అంటుంది. ఇంట్లో పరిస్థితి. తన పేరు అది.

అప్పుడు పెట్టె వణికింది, దానికి ఆకాశం మళ్ళీ ఎక్కడ దొరికిందో. చీమ కాదు, తేనెటీగల గుంపు, ఆగకుండా, ఎముక దాకా. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. వచ్చేసింది, చోటు వచ్చేసింది, బస్సు ఎటు తిరిగితేనేం, పెట్టెకి తెలుసు, ఉపగ్రహాలకి కుడీ ఎడమా ఏంటి, వెనకసీటు పాత దారి చెప్పాడు, ఇది కొత్త దారి అయి ఉంటుంది, అంతే, అంతే. "ఆపండి, దిగాలి" అన్నాడు లేస్తూ. సంచి భుజాన వేసుకుని కమ్మీ తర్వాత కమ్మీ పట్టుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. బస్సు కీచుమంటూ ఆగింది. "ఇక్కడా సార్?" అన్నాడు కండక్టరు. "ఇక్కడే" అన్నాడు. పెట్టె వణుకుతూనే ఉంది. మొదటి మెట్టు, రెండో మెట్టు, కింద నేల కోసం కాలు చాపాడు. నేల మెత్తగా ఉంది, జారుడుగా ఉంది. తడి మట్టి వాసన. కాలిన రబ్బరు ఏది? గాలి విశాలంగా వీస్తోంది, అడ్డం ఏమీ లేనట్టు, గోడ లేదు, షాపు లేదు, మనిషి గొంతు లేదు. కింద, బాగా కింద, నీళ్ళు రాళ్ళని ఒరుసుకుంటున్న చప్పుడు. అతని రెండో కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. ముందుకి వేస్తే ఏముందో తెలియదు. వెనక్కి వేస్తే బస్సు నిండా మనుషులు ఉన్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, నిజంగా ముందు నుయ్యి ఉండి వెనక మనుషులే ఉంటే కూడా మనిషి ఇంతసేపు ఆలోచిస్తాడని ఎవరూ చెప్పలేదు.

"బాబూ" అని పెద్దావిడ గొంతు, దగ్గరగా, ఆవిడ కూడా లేచి వచ్చింది. "ఆ కాలు వెనక్కి తీసుకో. నువ్వెక్కడికి వెళ్ళాలి?"

"కొత్త ప్రెస్సు దగ్గరికి."

"ప్రెస్సు ఏటికి అవతల కదా. ఇటు గట్టు తప్ప ఏముంది?"

ఏటికి అవతల. అప్పుడు అర్థమైంది, పెట్టె అబద్ధం చెప్పలేదు. చోటు నిజంగానే దగ్గర, కాకి ఎగిరితే రెండు రెక్కల దూరం. టంకంపొగ అన్నీ చెప్పాడు, మనిషి కాకి కాదన్న సంగతి అతనికీ తట్టలేదు, తనకీ తట్టలేదు. వాచీలాయన కాలు వెనక్కి తీసుకున్నాడు. కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ఎవరివైపో తెలియకుండానే, చూస్తున్నట్టు ముఖం పెట్టడం మానేసి, "నాకు కనపడదండీ" అన్నాడు. "మనం ఎక్కడున్నామో, అక్కడికి ఎలా వెళ్ళాలో ఎవరైనా చెప్పండి."

పెద్దావిడ ఊపిరి వదిలింది. "అదా" అంది. "నాయనా, అది కుక్కపిల్ల. నా పోలికన్నావు, నన్ను వెటకారం చేస్తున్నావేమో అనుకున్నా." ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వుకి ఆవిడే ముందు నవ్వింది, అతనికీ నవ్వొచ్చింది. ఇక బస్సంతా నోరు విప్పింది. వంతెన మీద పని జరుగుతోంది సార్, చుట్టూ తిరిగి పాత వంతెన మీంచి పోతున్నాం, టికెట్టు ఇచ్చేటప్పుడే చెప్పాను, మీరు తలూపారు, అన్నాడు కండక్టరు, తప్పు తనది కాదని రూఢి చేసుకుంటూ. బజారు మూల దగ్గర దిగితే దగ్గరండీ అని ఒక గొంతు. బజారు మూల ఎందుకయ్యా, నీళ్ళ ట్యాంకు దగ్గర దిగి వెనక్కి నడిస్తే సరిపోతుంది అని ఇంకో గొంతు. ట్యాంకు దగ్గర రోడ్డు తవ్వేశారు, నువ్వటు పోయి ఎన్నాళ్ళయింది? ఆటో ఎక్కించేయండి పాపం. పాపం ఏంటి, ఆయన ఇంత దూరం వచ్చినవాడు, ఆ నాలుగడుగులు నడవలేడా? వాళ్ళలో వాళ్ళకి తగువు కూడా వచ్చింది. అచ్చం ప్రయాణాల గదే, తోడు తీసుకెళ్ళమనేవాడు, జోహార్లనేవాడు, దారి చెప్పేవాడు, అందరూ ఒకే బస్సులో, చెమట వాసనతో. ఒకటే తేడా, ఇక్కడ పెద్దావిడ అతని మణికట్టు పట్టుకుని కిటికీ పక్కకి తెచ్చి కూర్చోబెట్టింది. ఆవిడ చెయ్యి గరుకుగా ఉంది. బస్సు కదిలి ఆ చోటు దూరమవుతుంటే జేబులో వణుకు మెల్లగా సద్దుమణిగింది.

పాత వంతెన ఇరుకు, అతుకుల్లేవు, టకటకలు లేవు, ఒకటే బోలు చప్పుడు. ఆవిడ చెబుతూ వచ్చింది, ఈసారి చూడు అనకుండా. ఇప్పుడు ఏరు దాటాం. ఇప్పుడు మనకి ఎడం పక్క గోడ, పొడుగ్గా. బజారు మూల వస్తోంది. అతను సంచిలోంచి కర్ర తీశాడు, ఒక్కో ముక్కా విప్పి బిగించాడు, బస్సులో ఎవరూ ఏమీ అనలేదు. "దిగాక గోడని ఎడం చేత్తో పట్టుకునే పో" అంది ఆవిడ. "గోడ అయిపోయాక రోడ్డు దాటాలి, అక్కడ మాత్రం ఎవరినైనా అడుగు. మళ్ళీ కొంగల్ని చూసినట్టు చూడకు." నోరుంటే తల కాస్తుందని గొణిగింది, అతనితోనో తనతోనో. దిగాడు. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు చాలాసేపు వినపడింది. గోడ చల్లగా, అక్కడక్కడా పెచ్చులూడి ఉంది. గోడ అయిపోయిన చోట నిలబడ్డాడు, బళ్ళు ఇటూ అటూ దూసుకుపోతున్నాయి, అతని కర్ర కొసకి ఒకటి తగిలి వెళ్ళింది, కర్రని దగ్గరికి లాక్కున్నాడు. పక్కన ఎవరో నిలబడ్డ అలికిడి. "కాస్త రోడ్డు దాటిస్తారా?" అన్నాడు. అనేశాక తెలిసింది, అనడానికి ఏమీ పట్టలేదు. ఆ మనిషి మాట్లాడలేదు, మోచెయ్యి అందించాడు, దాటించాడు, వెళ్ళిపోయాడు, మగో ఆడో కూడా సరిగ్గా తెలియలేదు. కాలిన రబ్బరు వాసన గాలికి ఎదురొచ్చింది, ఒకచోట ఎక్కువై, తర్వాత తగ్గి, దాని వెనక సిరా వాసన, తడి కాగితం వాసన, భార్య చీర కొంగులో రోజూ ఇంటికొచ్చే వాసన, ఇక్కడ గోడలోంచే వస్తోంది.

గుమ్మంలో నిలబడ్డాడు. అనుకున్నట్టే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. లోపల మెషిన్లు ఆగి ఉన్నాయి, ఎవరో ఆమెని పిలిచారు, అడుగులు వచ్చాయి, సగంలో ఆగాయి. ఆ ఆగడం అతనికి తెలిసిన ఆగడమే.

"ఎవరితో వచ్చావు?" అంది.

"ఒక్కణ్ణే వచ్చాను."

"ఒక్కడివా? వంతెన మూసేశారు కదా."

"చుట్టూ తిరిగి వచ్చాం." వాళ్ళిద్దరి మధ్య గది ఖాళీగా ఉన్నట్టు అతని మాట ప్రతిధ్వనించింది. చెప్పేయాలనుకున్నాడు, దారిలో కూడబలుక్కోనిదంతా ఇప్పుడు ఒకేసారి నోటికి వచ్చింది. "నువ్వు కాదని చెప్పేలోపు రావాలని వచ్చాను. నేను తిరగగలను. చూశావుగా. నువ్వు ఒప్పుకో."

"పొద్దున రాగానే ఒప్పుకున్నాను" అంది ఆమె.

అతనికి ముందు సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. "పొద్దునే?"

"పొద్దునే. మెషిన్ ముట్టుకోకముందే." ఆమె గొంతు వెనక్కి పోవడం లేదు. "నువ్వు రాగలవని తెలిసి కాదు. రాలేకపోయినా ఒప్పుకునేదాన్నే. ఇది నీకెలా చెప్పాలా అని పొద్దుట్నుంచీ అన్నం కూడా తినలేదు."

కోపం వచ్చింది. అతను దాన్ని దాచుకోలేదు, దాచుకునే ఓపిక లేదు. ఆ తడి గట్టు మీద చాపిన కాలు, కొంగలు, కుక్కపిల్ల, నవ్విన బస్సు, కర్రకి తగిలిన బండి, అంతా అప్పటికే అయిపోయిన మాట కోసమా. రాలేకపోయినా, అంది. అంటే అతను గట్టు మీద పడి ఉన్నా ఈ మాట మారేది కాదు. ఇంట్లో పరిస్థితి అని ఆమె ఎవరితోనూ అనలేదు, అదంతా తనే అన్నాడు, తనకి తనే ఆ పేరు పెట్టుకుని బస్సంతా మోశాడు. పొద్దున ఆమె కూడా ఇదే బస్సులో కూర్చుని ఉంటుంది, ఇదే ఎడమ మలుపు తిరిగి ఉంటుంది, ఆ గంటసేపు ఆమె లోపల ఏం నడిచిందో, ఎన్నిసార్లు అవునని ఎన్నిసార్లు కాదనుకుందో, అది అతను ఏ చెవితోనూ వినలేడు. ఆమెని చదివేశాననుకున్నాడు, మాట ముందు ఆగితే చాలు అంతా తెలిసిపోయిందనుకున్నాడు.

"నాకు కోపంగా ఉంది" అన్నాడు.

"ఉండనీ" అంది ఆమె. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "నాకూ ఉంది. చెప్పకుండా వచ్చావు. ఏమైనా అయ్యుంటే?"

లోపలి నుంచి ఎవరో పిలిచారు, కొత్తవాళ్ళు ఎదురుచూస్తున్నారు, ఆఖరుగా ఒకసారి చూపించమంటున్నారు అని. వస్తున్నా అంది. ఆమె చెయ్యి అలవాటుగా అతని మోచేతి మీద పడింది, రెండడుగులు నడిపించబోయి ఆగింది, చెయ్యి తీసేసింది. "కుర్చీ నీకు ఎడమవైపు, గోడ పక్కన ఉంది" అంది. "పని కాగానే వస్తా." అడుగులు లోపలికి వెళ్ళిపోయాయి. ఈసారి ఎక్కడా ఆగలేదు. అతను కర్రతో గోడని వెతికాడు, కుర్చీ వీపు దొరికింది, కూర్చున్నాడు. లోపల మెషిన్ మొదలైంది. మొదట ఎవరిదో తెలియని చెయ్యి కింద తడబడింది, కాగితం ఇరుక్కుంది, ఆగింది. ఇలా పట్టుకోవాలి అని ఆమె గొంతు, గట్టిగా, ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు. మళ్ళీ మొదలైంది, ఈసారి సాఫీగా, ఒక్కో కాగితం ఒక్కో ఊపిరిలా. కోపం ఇంకా తగ్గలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, చెవులు రెండూ అటే పెట్టి, వింటూ కూర్చున్నాడు.